డిగ్రీ మూడేళ్లూ న్యాయశాస్త్రానికి తొలిమెట్టే

(జహీరాబాద్‌లో మహిళా సంఘాల కార్యకర్తలు, డిగ్రీ విద్యార్థినులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ తర్వాత న్యాయశాస్త్రం చదవాలనుకునే అమ్మాయిలు ఎలా సిద్ధం కావాలో చెప్పమని నన్ను పిలిచారు. ప్రవేశ పరీక్ష గురించి, పుస్తకాల గురించి చెబుతానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అవీ చెబుతాను. దానికంటే ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నేను ఈ వృత్తిలోకి రావడానికి కారణం అదే. నేను ఆలస్యంగా వచ్చానని ఈ రోజుకీ బాధపడేదీ దాని వల్లే.

నేను 1991లో ఇక్కడే జహీరాబాద్‌లో బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను. ఆ ఏడు దసరా సెలవుల్లో మా పెద్దమ్మ ఇంటికి వచ్చింది. భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. కొంగున ముడేసుకొచ్చిన ఒక కాగితం నా చేతిలో పెట్టి, "బిడ్డా, సదువుకున్నదానివి. గీ కాయితంల ఏమున్నదో జెర సూడు" అంది. అది హక్కు విడుదల దస్తావేజు నకలు. బావి పక్కనున్న అర ఎకరం వదులుకుంటున్నట్లు రాసుకుందామని చెప్పి మరుదులు ఆమె చేత వేలిముద్ర వేయించారు. కాగితంలో మాత్రం మూడెకరాలకు మూడెకరాలూ ఉన్నాయి. సర్వే నంబర్లు చదివి చెప్పాను. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు వకీలువైనంక సూద్దాం తియ్యి" అని నవ్వింది. నేనూ అదే అనుకున్నాను. ముందు డిగ్రీ పూర్తి చేయాలి, తర్వాత లా చదవాలి, ఆ తర్వాత పెద్దమ్మ కేసు వేయాలి అని.

నేను లా కాలేజీలో చేరి లిమిటేషన్ చట్టం చదివే రోజు వచ్చింది. మోసంతో రాయించుకున్న ఇలాంటి పత్రాన్ని రద్దు చేయమని అడగాలంటే, ఆ మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. పెద్దమ్మకు మోసం తెలిసింది నేను కాగితం చదివి వినిపించిన రోజునే. అంటే ఆ గడువును మొదలుపెట్టింది నా నోరే. నేను డిగ్రీ చదివిన మూడేళ్లలోనే ఆ గడువూ అయిపోయింది. ఆ మూడేళ్లలో నేను ఒక్కసారి ఏ వకీలునైనా అడిగి ఉంటే, కనీసం ఒక చట్టం పుస్తకం తిరగేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అడగలేదన్నది మాత్రం నిజం. పెద్దమ్మ తన చేనులోనే తాను కూలికి పోయి బతికింది, అట్లనే పోయింది.

అందుకే మీకు ఒకటే మాట చెప్పడానికి వచ్చాను. న్యాయశాస్త్రం చదువు లా కాలేజీలో సీటు వచ్చిన రోజున మొదలు కాదు, డిగ్రీలో చేరిన రోజునే మొదలు కావాలి. ఈ మూడేళ్లు ఆ అమ్మాయిని నిలబెట్టే పని ఆమె ఒక్కతెది కాదు, మన సంఘాలది కూడా.

ఎవరికి అర్హత, ఎవరికి లేదు

ముందుగా అర్హత సంగతి. ఇక్కడ మనవాళ్లు చాలామంది దెబ్బతింటున్నారు.

మూడేళ్ల ఎల్‌ఎల్‌.బి.కి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. ఏదైనా ఫరవాలేదు. రాజనీతిశాస్త్రం చదివిన వాళ్లకు కొంత సులువు, అంతే. మార్కులు మాత్రం సాధారణ విభాగం వారికి 45 శాతం, బి.సి.లకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. "పాసైతే చాలు" అనుకుని డిగ్రీ గట్టెక్కిన అమ్మాయి తర్వాత ఒకటి రెండు శాతం తక్కువై ఏడుస్తుంది. మొదటి సెమిస్టర్ నుంచే ఈ లెక్క మనసులో ఉండాలి.

ఇంకో సంగతి. మనలో చాలామంది పదో తరగతితోనే ఆగిపోయి, పెళ్లయి, పిల్లలయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు. సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వచ్చినప్పుడు అలాంటి ఆడవాళ్లకు అది పెద్ద తలుపు తెరిచింది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీ చేయవచ్చు అన్నారు. మంచిదే. కానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన నిబంధనల ప్రకారం, ఇంటర్ లేకుండా నేరుగా సార్వత్రిక పద్ధతిలో డిగ్రీ పొందిన వాళ్లు ఎల్‌ఎల్‌.బి.కి అర్హులు కారు. నాతో పదేళ్లు గ్రామాల్లో తిరిగిన ఒక కార్యకర్త ఇలాగే డిగ్రీ చేసింది. ప్రవేశ పరీక్ష రాసింది, ర్యాంకు తెచ్చుకుంది. సర్టిఫికెట్ల పరిశీలనలో ఇంటర్ మెమో అడిగారు. లేదు. వెనక్కి పంపేశారు. పరీక్షకు చదివించిన వాళ్లు గాని, ఫీజు కట్టించుకున్న వాళ్లు గాని ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సిన మేమూ తెలుసుకోలేదు.

దూరవిద్యలో డిగ్రీ చేయడం తప్పు కాదు. ఇంటర్ చదివి, తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసిన వాళ్లు నిక్షేపంగా అర్హులే. కాబట్టి పదో తరగతి దగ్గర ఆగిన అక్కలు ముందు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పూర్తి చేయాలి, ఆ తర్వాతే డిగ్రీలో చేరాలి. ఈ వరుస తప్పకూడదు. మీ మండలంలో ఎవరైనా డిగ్రీలో చేరుతున్నామంటే ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. వయసు గురించి భయపడకండి. ఇవాళ లాసెట్‌కు గరిష్ఠ వయసు అడ్డం లేదు. నలభై ఏళ్ల తల్లి తన కూతురితో కలిసి పరీక్ష రాయవచ్చు.

న్యాయశాస్త్రం మాత్రం ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదివేది కాదు. రోజూ కాలేజీకి పోవాలి, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. డిగ్రీలో ఉండగానే ఇంట్లో ఈ మాట చెప్పి పెట్టుకోవాలి.

కాగితాలు సరిచేసుకోండి

మనం ఇతరుల కాగితాలు చదవడానికి బయలుదేరుతున్నాం. ముందు మన కాగితాలు సరిగ్గా ఉండాలి. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఇంటర్‌లో ఇంకో స్పెల్లింగు, ఆధార్‌లో అత్తింటి పేరు. లా సీటు దగ్గరా, తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు దగ్గరా ఇవన్నీ అడ్డం వస్తాయి. డిగ్రీ మొదటి ఏడాదిలోనే పదో తరగతి మెమోతో అన్నీ సరిపోల్చుకుని దిద్దించుకోండి. పెళ్లి కాగానే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం తీసి పెట్టుకోండి, ఉపకార వేతనానికి అవసరం. సీట్లలో మూడో వంతు మహిళలకు ఉన్నాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

పరీక్ష ఎలా ఉంటుంది

లాసెట్‌ను ఉన్నత విద్యామండలి తరఫున విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లు కూడా రాయవచ్చు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. సామాన్య జ్ఞానం, తార్కిక శక్తి మీద 30, వర్తమాన విషయాల మీద 30, న్యాయశాస్త్ర అభిరుచి మీద 60. తప్పు రాస్తే మార్కులు కోయరు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. ఇంగ్లీషు రాదని దరఖాస్తే చేయని అమ్మాయిలు ఈ మాట వినాలి. ఏటా వచ్చే ప్రకటనతో ఈ వివరాలు మరోసారి సరిచూసుకోండి.

పాత గైడ్లు కొనకండి. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. మనందరి నోటా నానిన 498ఎ ఇప్పుడు కొత్త సంహితలో 85, 86 సెక్షన్లలో ఉంది. భార్య భరణం అడిగే 125 ఇప్పుడు 144 అయింది. పాత కేసుల్లో పాత నంబర్లే ఉంటాయి గనుక రెండూ తెలియాలి. కార్యకర్తలూ ఇది నేర్చుకోవాలి. స్టేషన్‌కు పోయి పాత నంబరు చెబితే, "మీకు చట్టమే తెలియదు" అని మనల్ని పంపించేయడానికి అదొక సాకు అవుతుంది.

మూడేళ్లలో ఏం చదవాలి

పరీక్ష కోసం నెల రోజుల కోచింగ్ కొందరికి పనికి రావచ్చు. మూడేళ్ల అలవాటు ఉన్నవాళ్లకు ఆ నెలలో కొత్తగా నేర్చుకోవలసింది కొద్దిగానే ఉంటుంది.

మొదటి ఏడాది రాజ్యాంగం పట్టుకోండి. తెలుగులో దొరుకుతుంది. మొత్తం బట్టీ పట్టనవసరం లేదు. పీఠిక, 14, 15, 16, 21 అధికరణలు, ప్రాథమిక హక్కుల కోసం సుప్రీంకోర్టుకు పోయే 32, హైకోర్టుకు పోయే 226, ఉచిత న్యాయ సహాయం చెప్పే 39ఎ. ఒక్కో దానికి మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ రాసుకోండి. 15వ అధికరణలోని మూడో భాగం స్త్రీల కోసం, పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చంటుంది. మీ పంచాయతీలో మహిళలకు కేటాయించిన సర్పంచ్ పదవిని ఎవరు నడుపుతున్నారో చూడండి, చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది.

రెండో ఏడాది వార్తల్ని కేసులాగా చదవడం నేర్చుకోండి. ఉదాహరణకు ఆడపిల్లకు ఆస్తి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ చట్టం కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. కానీ ఆ చట్టం అమల్లోకి వచ్చే నాటికి పెళ్లయిపోయిన వాళ్లకు వర్తించలేదు. 2005లో పార్లమెంటు చేసిన సవరణ పెళ్లయిన కూతురికీ ఇచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగాదా పదిహేనేళ్లు నడిచి, అవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఎప్పటి చట్టం, ఎవరికి వర్తిస్తుంది, ఎవరిని వదిలేసింది?" ఈ మూడు ప్రశ్నలు వేసుకుని వార్త చదివితే, లా కాలేజీలో నేర్పే పద్ధతి మీకు సగం వచ్చినట్లే.

జహీరాబాద్‌లో ముస్లిం అక్కచెల్లెళ్లు ఎంతోమంది ఉన్నారు. విడాకులైన ముస్లిం స్త్రీ మిగతా స్త్రీల లాగానే 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లిందే. 1985 షాబానో తీర్పు, 1986 చట్టం, 2001లో ఆ చట్టానికి కోర్టు చెప్పిన అర్థం, ఇవన్నీ వరుసగా పెట్టుకుని చదవండి. ఒక హక్కు ఇచ్చినట్లే ఇచ్చి వెనక్కి పోవడం, మళ్లీ రావడం ఎలా జరుగుతుందో అర్థమవుతుంది.

మన చుట్టూ ఉన్న భూమిని కూడా చదవాలి. నిమ్జ్ పేరుతో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా సేకరించాలన్న ప్రతిపాదన మనందరికీ తెలుసు. 2013 భూసేకరణ చట్టంలో వితంతువులను, విడాకులైన వాళ్లను, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరు కుటుంబాలుగా లెక్కించాలని ఉంది. ఈ ఒక్క వాక్యం గ్రామసభలో లేచి చదివి వినిపించడానికి ఎల్‌ఎల్‌.బి. పట్టా అక్కరలేదు. డిగ్రీ చదివే అమ్మాయి చాలు.

మూడో ఏడాది కొంత ఇంగ్లీషు మీద పెట్టండి. దాచడం ఎందుకు, తీర్పులు, పుస్తకాలు ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. నేను తెలుగు మాధ్యమం నుంచి వెళ్లి మొదటి ఆరు నెలలు క్లాసులో తల దించుకు కూర్చున్నదాన్ని. మాకు లేని వసతి ఇప్పుడు ఒకటుంది. సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలను ఉచితంగా అందుబాటులో పెడుతోంది. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన పెట్టుకుని రోజుకు ఒక పేజీ చదవండి. ఏడాదికి భయం పోతుంది.

పుస్తకం బయటి చదువు

నెలకు ఒకరోజు కోర్టుకు వెళ్లండి. కోర్టు బహిరంగ స్థలం. అత్యాచారం లాంటి కేసుల విచారణ తలుపులు మూసి జరుపుతారు గానీ, మామూలు కేసులు ఎవరైనా వెనక బల్ల మీద కూర్చుని వినవచ్చు. బంట్రోతు పేరు పిలిచినప్పుడు ఒక ఆడమనిషి ఎంత దూరం నుంచి వచ్చి ఉంటుంది, వాయిదా పడితే ఆ రోజు కూలి ఏమవుతుంది, ఆమె మాట ఆమె వకీలు ఎంతవరకు విన్నాడు, ఇవి రాసుకోండి. ఇవి ఏ గైడులోనూ ఉండవు.

ఒక సమాచార హక్కు దరఖాస్తు మీ చేత్తో రాయండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. పింఛను ఆగిపోయిన ఒక ముసలవ్వ కోసం రాయండి. సూటిగా ప్రశ్న అడగడం, తేదీ వేసి నకలు దాచుకోవడం, గడువు లెక్కపెట్టడం అలా అలవాటవుతాయి. గడువు లెక్కపెట్టడం తెలియకే నేను పెద్దమ్మ భూమి పోగొట్టాను.

న్యాయ సేవా సంస్థల్లో పారా లీగల్ వాలంటీరుగా చేరే వీలుందేమో కనుక్కోండి. 1987 చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఈ మాట ఎంతమంది ఆడవాళ్లకు తెలుసో మీ వీధిలోనే అడిగి చూడండి.

ఇది మన హక్కుగా వచ్చింది కాదు

ఈ నల్లకోటు ఆడవాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వలేదు. 1916లో కలకత్తా హైకోర్టు, లా చదివి పాసైన రెజీనా గుహను ఆడది గనుక ప్లీడరుగా చేర్చుకోలేమంది. 1923లో చట్టం వచ్చాకే ఆ అడ్డు తొలగింది. మన దుర్గాబాయి గారిని చూడండి. ఎనిమిదేళ్లకే బాల్యవివాహం, దాన్ని కాదనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలు. చదువంతా ఆ తర్వాతే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ.కి వెళితే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగా చదువు ఆగిన అమ్మాయిలను కూడగట్టి హాస్టల్ నడిపించి మరీ చదివారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. డిగ్రీ రోజుల్లోనే ఆమె చేసిన పని చూడండి: తనకు సీటు అడిగి ఊరుకోలేదు, పది మందికి చోటు చేశారు.

మన పక్కనే ఇంకో పాఠం ఉంది. పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాల్లోని దళిత మహిళలు, బడి ముఖం చూడని వాళ్లు, విత్తనాలు కాపాడారు, కెమెరా పట్టారు, 2008లో మాచునూరులో సొంత రేడియో నడిపారు. మైకు పట్టిన ఆ చేతుల బిడ్డలు చట్టం పుస్తకం పట్టలేరా?

సంఘాలు చేయవలసింది

ఇక సంస్థల్లో పనిచేసే అక్కలతో ఒక మాట. మనం ఆడపిల్లలకు చదువుకోమని ఉపన్యాసాలు ఇస్తాం. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లి సంబంధం వచ్చిన రోజున ఆ ఇంటికి ఎంతమంది వెళుతున్నాం? నా పెళ్లి మాట వచ్చినప్పుడు మా అమ్మ ఒక్కతే గుమ్మానికి అడ్డం నిలబడింది. అందరి అమ్మలకూ ఆ బలం ఉండదు. అలాంటి చోట సంఘం వెళ్లి కూర్చోవాలి.

మీ ఆఫీసులో ఒక అర చట్టాల పుస్తకాలకు కేటాయించండి. దరఖాస్తు రుసుము, హైదరాబాద్‌లో పరీక్ష ముందు రోజు రాత్రి ఉండే చోటు చూడండి. ఆర్టీసీలో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు గనుక దారి ఖర్చు కొంత తగ్గింది, వంద కిలోమీటర్ల అలసట మాత్రం తగ్గలేదు. కౌన్సెలింగ్‌కు, స్టేషన్‌కు, కోర్టుకు వెళ్లేటప్పుడు బాధిత స్త్రీ ఒప్పుకుంటే ఒక విద్యార్థినిని వెంట తీసుకెళ్లండి. ఆ స్త్రీ పేరు, ఊరు బయటికి చెప్పకూడదన్నది ఆమెకు నేర్పే మొదటి పాఠం కావాలి. అయితే ఆ అమ్మాయిలను జీతం లేని గుమస్తాలుగా వాడుకోకండి. నివేదికలు రాయించుకుని చదువు చెడగొట్టడం కూడా దోపిడీయే.

ముందున్నది పూలబాట అని నేను చెప్పను. కొత్త వకీలుకు మొదటి రెండు మూడేళ్లు బస్సు ఖర్చులు కూడా రాని రోజులుంటాయి. ఎల్‌ఎల్‌.బి. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష కూడా పాసవ్వాలి. 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఇంట్లో అండ లేని ఆడపిల్లకు ఆ మూడేళ్లు గడవడం కష్టం. దాని గురించి మనం గట్టిగా మాట్లాడాలి. ఒక ఊరట ఉంది. బార్ కౌన్సిల్‌లో నమోదుకు సాధారణ విభాగం వారి నుంచి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు వేలకు వేలు కట్టలేక పట్టా చేతిలో పెట్టుకుని ఆగిపోయిన వాళ్లున్నారు.

చెల్లెళ్లారా, మీలో అందరూ వకీళ్లు కాకపోవచ్చు. ఫరవాలేదు. ఈ మూడేళ్లు నేను చెప్పినట్లు చదివితే, సీటు రాకపోయినా మీ ఊళ్లో ఒక కాగితం మీద వేలిముద్ర పడేముందు చదివి వినిపించే మనిషి ఒకరు తయారవుతారు. ఈ రోజు ఇంటికి వెళ్లి మీ అమ్మనో, పెద్దమ్మనో, మేనత్తనో అడగండి, ట్రంకుపెట్టెలో ఏ కాగితాలున్నాయో చూపించమని. చదవండి. అర్థం కాకపోతే అడగండి. "వకీలునైనంక సూద్దాం" అని మాత్రం అనకండి.

సెలవు.